నేల హీటింగ్‌కి సొంత కంట్రోలరా? 85ని నమ్మకండి

జర్మనీలో మా ఇంటి నేల కింద వేడినీళ్ల పైపులున్నాయి. వాటిలోకి నీళ్లు వదిలే వాల్వ్‌ని తెరిచి మూసే కంట్రోలర్‌ని ఈఎస్‌పీ32 అనే చిన్న ప్రోగ్రామబుల్ చిప్‌తో నేనే చేసుకున్నా. చేసేవాళ్లకి ఒక మాట.

డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌కి కరెంటు అందగానే, కొలత పూర్తికాకముందే అడిగితే 85 డిగ్రీలంటుంది. వైరు ఊడితే, సెన్సర్‌ని చదివే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) -127 చూపిస్తుంది. మొదటిది నమ్మితే ఇల్లు చల్లబడుతుంది, రెండోది నమ్మితే వాల్వ్ రాత్రంతా తెరిచే ఉంటుంది. మాకు రెండోదే జరిగింది, పొద్దున్నే పిల్లలు సాక్సులు విప్పేసి తిరుగుతున్నారు! ఈ రెండిట్లో ఏదొచ్చినా ఆ రీడింగ్ పారేయండి, వరసగా ఐదుసార్లొస్తే వాల్వ్ మూసేయమని కోడ్‌లో రాయండి. డేటా వైరుకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మరవద్దు.

వాల్వ్‌కి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అంటే రిలే, ఊరికే టకటకా కొట్టుకోనివ్వకండి. లోపలి మైనం వేడెక్కి వ్యాకోచిస్తే వాల్వ్‌ని కదిలించే మైనపు యాక్చుయేటర్ తెరుచుకోడానికే మూడు నాలుగు నిమిషాలు, కాంక్రీటు వేడెక్కడానికి గంటలు. వాల్వ్ తెరిచే ఉష్ణోగ్రతకీ మూసే ఉష్ణోగ్రతకీ అర డిగ్రీ తేడా పెట్టి, పది నిమిషాలకోసారి చూస్తే చాలు.

కోడ్ మీద ఎంత నమ్మకమున్నా, నేలలోకెళ్లే పైపుకి మామూలు మెకానికల్ థర్మోస్టాట్ (వేడి హద్దు దాటితే కరెంటు ఆపే స్విచ్చు) ఒకటి కట్టి, పంపు కరెంటు దాని గుండానే పోనివ్వండి. మాది 45 డిగ్రీల దగ్గర పంపు ఆపేస్తుంది. ఆ 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించా.