కొత్త మెటల్ డిటెక్టర్‌కి మారాలా, ఉన్నదానితోనే సాగించాలా? ఎలా తేల్చుకోవాలి

కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ కంపెనీలు చెప్పేది దాదాపు ఒకటే: ఇంకా లోతుకు పోతుంది, ఇంకా వేగంగా స్పందిస్తుంది, లోహాన్ని ఇంకా కచ్చితంగా గుర్తిస్తుంది. ఇందులో కొంత నిజమే. కొన్ని రకాల నేలల్లో కొత్త మెషిన్ పాతదానికి వినబడని నాణేన్ని పట్టి చూపిస్తుంది. ఇంకొన్ని నేలల్లో రెంటికీ తేడా వెతికినా కనిపించదు. మీ నేల ఏ రకమో తేలకుండా డబ్బు పెట్టకండి. తేల్చుకోవడం ఎలాగో కింద వరుసగా చెబుతున్నాను.

1. ముందు సమస్య ఏమిటో స్పష్టంగా రాసుకోండి

"ఈమధ్య ఏమీ దొరకడం లేదు" అన్న మాటను బట్టి మెషిన్ ఎంచుకోలేం. అలలు తడిపే ఇసుకలో డిటెక్టర్ ఊరికే అరుస్తోందా? పాత ఇళ్లు కూలిన చోట మేకుల మోతలో మంచి సిగ్నల్స్ కలిసిపోతున్నాయా? ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్ర నేలలో లోతు బాగా తగ్గిపోతోందా? గంట తిరిగేసరికి భుజం లాగేస్తోందా? ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం. కొన్నింటికి కొత్త మెషిన్ అవసరమే లేదు.

అసలు ఆ చోట లోహమే మిగలకపోతే ఏ మెషిన్ అయినా చేసేదేమీ లేదు. 2009లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, ఒక పొలంలో టెర్రీ హెర్బర్ట్‌కు దొరికిన ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధి ఆ తరహా నిధుల్లో అతి పెద్దది. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది 14 ఏళ్ల పాత డిటెక్టర్ అని వార్తలు వచ్చాయి. యజమాని అనుమతితో, చట్టం ఒప్పుకునే కొత్త చోటు ఒకటి సంపాదిస్తే చాలాసార్లు కొత్త మెషిన్ కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

2. పాత మెషిన్ పూర్తి సత్తా బయటికి తీయండి

ఈ పని తొందరపడకుండా చేయండి. చాలామంది ఇది దాటేసి నేరుగా కొనడానికి పోతారు.

మొదట గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజానికి మెషిన్ పలకకుండా సరిచేయడం. లోహం లేని చిన్న జాగా చూసుకుని, కాయిల్‌ను (నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగాన్ని) నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా దించి, పైకెత్తి, మళ్లీ దించండి. ఎత్తినా దించినా శబ్దం మారకుండా ఉండేదాకా సరిచేయండి. నేల మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. గ్యారెట్ ఏస్ 250 లాంటి మొదటి మెట్టు మెషిన్లలో ఈ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలోనే ఖాయం చేసి ఉంటుంది, మనం మార్చలేం. మీ నేలలో ఖనిజం ఎక్కువగా ఉండి మీ దగ్గర అలాంటి మెషిన్ ఉంటే, మారడానికి ఆ ఒక్క కారణం చాలు.

తర్వాత సెన్సిటివిటీ, అంటే ఎంత సన్నటి సిగ్నల్‌కి పలకాలో నిర్ణయించే సెట్టింగ్. దాన్ని చివరిదాకా పెంచితే లోతు పెరుగుతుందనుకుంటారు. కరెంటు తీగలు, ఫోన్లు, పక్కనే తిరుగుతున్న ఇంకో డిటెక్టర్ ఉన్నచోట పెంచేకొద్దీ గోల పెరుగుతుంది, ఆ గోలలో లోతు సిగ్నల్ మనకు వినబడదు. ఉత్తుత్తి కూతలు ఆగేదాకా తగ్గించండి. ఫ్రీక్వెన్సీ కొద్దిగా జరిపే సదుపాయం ఉంటే ముందు అది వాడండి.

ఇక చేతి కదలిక. ఊపు చివర్లో కాయిల్ పైకి లేస్తోందేమో గమనించండి. గడ్డి మీద ఐదు సెంటీమీటర్ల ఎత్తున ఊపితే ఆ ఐదూ లోతులోంచి పోయినట్టే. కాన్సెంట్రిక్ కాయిల్ (ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రటి తీగ చుట్లున్నది) కింద పట్టే ప్రాంతం లోతుకు పోయేకొద్దీ శంకువులా సన్నబడుతుంది. అందుకే ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం దాకా పడాలి. డీడీ కాయిల్‌కి (D ఆకారపు రెండు తీగ చుట్లు మధ్యలో ఒకదానిపై ఒకటి పడేలా ఉన్నది) నడుమ పొడవునా సన్నటి పట్టీలా పడుతుంది కాబట్టి కొంత నయం, అయినా వరుసల మధ్య ఖాళీ వదలకూడదు. డిస్క్రిమినేషన్ (ఇనుము లాంటివాటికి పలకకుండా చేసే సెట్టింగ్) కూడా ఒకసారి పూర్తిగా తీసేసి, ఇనుము శబ్దంతో సహా వినండి. ఇనుము పక్కన దాగిన సన్నటి కూత అప్పుడే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక మీకు బాగా తెలిసిన, "అయిపోయింది" అనుకున్న జాగాకే మళ్లీ వెళ్లండి. కొత్తవి దొరుకుతుంటే కొనే ఆలోచన కొన్నాళ్లు ఆపండి.

3. లోతు లెక్క అర్థం చేసుకోండి

ప్రకటనల్లో ఎక్కువ మోజు పుట్టించేది లోతు. కానీ భౌతికశాస్త్రం దాన్ని చాలా గట్టిగా కట్టేస్తుంది. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ దాదాపు దూరం ఘనం లెక్కన పడిపోతుంది. దానివల్ల నాణెంలో పుట్టిన సుడి ప్రవాహాలు (లోహంలో గుండ్రంగా తిరిగే కరెంటు) తిరిగి పంపే క్షేత్రం పైకి వచ్చేటప్పుడు మళ్లీ అదే లెక్కన పడిపోతుంది. రెండూ కలిసి ఆరో ఘాతం. అంటే అదే నాణేన్ని రెట్టింపు లోతులో పట్టాలంటే 64 రెట్లు బలహీనమైన సిగ్నల్‌ని గుర్తుపట్టాలి. మెషిన్ సున్నితత్వం నిజంగానే రెట్టింపయినా, 20 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయేది సుమారు 22 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. పైగా నేలలోని ఖనిజం నుంచి వచ్చే గోల కూడా దాంతోపాటే పెరుగుతుంది.

2006, 2007 ప్రాంతంలో వచ్చిన టెక్నెటిక్స్ టీ2, ఫిషర్ ఎఫ్75 లాంటివి శుభ్రమైన, ఖనిజం తక్కువున్న నేలల్లో ఇప్పటికీ పోటీకి నిలబడేది ఇందుకే. ఒక్క లోతు కోసమే కొనాలనుకుంటే నా సలహా వద్దనే.

4. చిన్న ఖర్చుతో తీరేవి ముందు తీర్చుకోండి

పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు కచ్చితంగా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్) లేకపోతే అది మొదట కొనండి. గుంట చిన్నదవుతుంది, గడ్డి పాడవదు, వస్తువుకు గునపం గీత పడదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గాలి శబ్దంలో కొట్టుకుపోయే సన్నని సిగ్నల్ వినబడుతుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. శబ్దం చెవికి చేరేసరికి కాయిల్ ఆ చోటు దాటిపోతుంది. ఆలస్యం తక్కువుండే రకమో, వైరుదో వాడండి.

ఇక కాయిల్. ఇనుప తుక్కు ఎక్కువున్న చోట పదకొండు అంగుళాల కాయిల్ తీసి ఆరంగుళాలది పెడితే, ఒకేసారి కాయిల్ కిందికి వచ్చే లోహాల సంఖ్య తగ్గి మంచివి విడిగా పలుకుతాయి. విశాలమైన, తుక్కు లేని పొలమైతే పెద్ద కాయిల్ నయం, కానీ సన్నటి వస్తువులు తప్పిపోవచ్చు. కాయిల్ మీ మోడల్‌కి చెందినదే అయ్యుండాలి. వేరే మెషిన్ కాయిల్ సాధారణంగా పని చేయదు.

5. కొత్తవాటిలో నిజంగా మారినదేమిటో చూడండి

మల్టీ ఫ్రీక్వెన్సీ, అంటే ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో వెతకడం, మరీ కొత్త సంగతేమీ కాదు. మైన్‌ల్యాబ్ కంపెనీ 1990ల మొదట్లోనే దాన్ని తెచ్చింది. కానీ అప్పటి మెషిన్లు నెమ్మదిగా ఊపమనేవి, బరువుగా ఉండేవి. 2018లో వచ్చిన ఆ కంపెనీ ఈక్వినాక్స్‌తో అదే పద్ధతి వేగంగా, తేలిగ్గా చాలామందికి అందింది. తర్వాత ఎక్స్‌పీ డ్యూస్ 2, నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ మాంటికోర్ వచ్చాయి.

దీని లాభం ఉప్పునీటి తీరంలో సందేహం లేకుండా తెలుస్తుంది. ఉప్పుతో తడిసిన ఇసుక తానే కరెంటును ప్రవహింపజేస్తుంది కాబట్టి, డిటెక్టర్‌కి అది కూడా లోహంలాగే బదులిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో ఉప్పునూ, ఇనుప ఖనిజాన్నీ ఒకేసారి తీసేయడం కష్టం. రెండు మూడు ఫ్రీక్వెన్సీల జవాబులు పోల్చి చూస్తే ఆ రెండూ వేరుపడతాయి. తడి ఇసుకే మీ చోటైతే, మీది ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్ అయితే, మారండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

రెండోది రికవరీ స్పీడ్, అంటే ఒక లోహానికి పలికాక తర్వాతిదాన్ని వినడానికి మెషిన్ తేరుకునే వేగం. నేలలో తుప్పు పట్టిన మేకు ఒకటి, దానికి బెత్తెడు దూరంలో చిన్న వెండి నాణెం ఉన్నాయనుకోండి. నెమ్మది మెషిన్ మేకును చూసి గొంతు మూసుకుంటుంది. అది తేరుకునేలోగా కాయిల్ నాణెం దాటేస్తుంది. వేగంగా తేరుకునేది మేకుకు ఓ మందపు శబ్దం, వెంటనే నాణేనికి సన్నటి "టిక్" ఇస్తుంది. ఈ టిక్ పొడవుగా, గుండ్రంగా ఉండదు. దానికి చెవి అలవాటు పడాలి. లోహం లోహాన్ని దాచేయడం మొదటినుంచీ ఉన్న బాధే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని బుల్లెట్ కోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పరికరం వాడినప్పుడు అది దొరకలేదు. అందుకు చెప్పే కారణాల్లో పరుపు కిందున్న ఉక్కు తీగలు ఒకటి.

బరువు తగ్గడాన్ని తక్కువగా చూడకండి. చేయి అలసిపోయినప్పుడు కాయిల్ లేస్తుంది, లోతు పోతుంది. నీటిలో దిగేవారికి లోతు పరిమితి ముఖ్యం: ఈక్వినాక్స్ 800 లాంటివి 3 మీటర్ల వరకు, డ్యూస్ 2 అయితే 20 మీటర్ల వరకు తట్టుకునేలా చేశారు.

మారనిది కూడా చెప్పాలి. డిటెక్టర్ బంగారాన్ని గుర్తుపట్టదు. వస్తువు లోహం, పరిమాణం, ఆకారం కలిసి ఇచ్చే జవాబును అంకెగా చూపిస్తుందంతే. సన్నటి ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా రింగు ఒకే అంకె చూపడం ఇప్పటికీ జరుగుతుంది. ఎంత కొత్తది కొన్నా తవ్వి చూడాల్సిందే.

6. మీ నేల మీదే పోల్చి చూడండి

గాలిలో నాణెం ఊపి చూపించే వీడియోల్లో నేల ఖనిజం ఉండదు. కొత్తగా పాతిపెట్టిన నాణెం చుట్టూ మట్టి కదిలిపోయి ఉంటుంది. రెండూ పూర్తి నిజం చెప్పవు.

తెలిసినవారి కొత్త మెషిన్‌తో కలిసి ఒక పూట తిరగండి. పాత మెషిన్‌తో సందేహంగా పలికిన చోట్ల, తవ్వకుండా చిన్న జెండాలు గుచ్చండి. పది దాకా చాలు. ఒక్కో జెండా దగ్గర కాయిల్‌ను ఒక వైపు నుంచి ఊపి, తర్వాత తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. రెండు మెషిన్లతోనూ చేసి, "తవ్వుతాను", "తవ్వను" అని ఒక్కోదాని తీర్పు కాగితం మీద రాయండి. తర్వాతే తవ్వండి. అదే పని తిరగేసి కూడా చేయాలి: కొత్తదానితో ముందు వెతికి, దానికి దొరికిన చోట్ల పాతదాన్ని ఊపాలి. లేకపోతే పాతది వినలేనివి లెక్కలోకే రావు.

లెక్కపెట్టాల్సింది ఒకటే: తీర్పు ఎన్నిసార్లు మారింది, మారినప్పుడు ఏ మెషిన్ తీర్పు సరైంది. అంకె ఇంకాస్త నిలకడగా కనిపించింది, శబ్దం ఇంపుగా ఉంది లాంటివి తవ్వే నిర్ణయాన్ని మార్చకపోతే పక్కన పెట్టండి.

7. తేల్చుకోండి, కొంటే జాగ్రత్తగా కొనండి

ఉప్పు ఇసుక, మేకులు నిండిన పాత జాగాలు, మార్చలేని గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్న మెషిన్: ఈ మూడింట్లో ఏదున్నా కొత్తది ఉపయోగపడుతుంది. ఖనిజం బాగా ఎక్కువున్న నేలలో బంగారం ముక్కలు వెతికేవారైతే పల్స్ ఇండక్షన్ రకం (కాయిల్‌లోకి కరెంటును ఆగి ఆగి చిన్న దెబ్బలుగా పంపేది) చూడాలి. అయితే అది ఇనుమును నమ్మకంగా వేరు చేయదు, తవ్వకాలు పెరుగుతాయి. శుభ్రమైన పొలాల్లో మంచి ఒక ఫ్రీక్వెన్సీ మెషిన్‌తో తిరిగేవారు, ఇప్పటికే ఈమధ్య తరం మల్టీ ఫ్రీక్వెన్సీ ఉన్నవారు ఆగడమే మంచిది.

కొన్నాక మొదట్లో ఫ్యాక్టరీ సెట్టింగులతోనే తిరగండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. చెవి కొత్త శబ్దాలు నేర్చుకునేదాకా పాత మెషిన్ అమ్మకండి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవారు సీరియల్ నంబర్ కంపెనీతో సరిచూసుకోండి, నకిలీలు తిరుగుతున్నాయి. టెసోరో, వైట్స్ లాంటి మూతపడ్డ కంపెనీల మెషిన్ అయితే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి. బ్యాటరీ పెట్టెలో తుప్పు ఉందేమో చూడండి. మెషిన్ ఆన్ చేసి, కాయిల్ వైరును ప్లగ్ దగ్గరా, కాయిల్‌లోకి దిగే చోటా మెల్లగా వంచండి. కూత వస్తే లోపల వైరు తెగుతున్నట్టే.