మెయిన్ లైన్‌పై పాత గూడ్స్ ఆవిరి ఇంజిన్: లక్షణం, కారణం, పరిష్కారం

బరువైన గూడ్స్ లాగడానికి చేసిన ఆవిరి ఇంజిన్‌కు బలం విషయంలో లోటుండదు. మెయిన్ లైన్ మీద దాన్ని ఇబ్బంది పెట్టేవి వేగం, నీళ్లు, ముందురోజు షెడ్‌లో జరగకుండా మిగిలిపోయిన పని. లక్షణం దారిలో కనిపించినా, కారణం చాలాసార్లు బండి కదలకముందే పుట్టి ఉంటుంది.

ఎంత బొగ్గు వేసినా ప్రెషర్ పడిపోతోంది

ముందు పార పక్కన పెట్టి పొగ చూడండి. నల్లగా, దట్టంగా వస్తుంటే మంటకు గాలి చాలడం లేదు. బొగ్గు పొర మందమై ఉండొచ్చు, క్లింకర్ (కరిగి గడ్డకట్టిన బూడిద) గట్టిపడి గ్రేట్ (మంట కింది ఇనుప జాలీ) సందులు మూసుకుపోయి ఉండొచ్చు, ఆష్‌పాన్ (కింది బూడిద పళ్లెం) నిండి ఉండొచ్చు. పొగ దాదాపు కనిపించకుండానే ప్రెషర్ పడుతుంటే పరిస్థితి తిరగబడిందన్నమాట: మంటలో ఎక్కడో చిల్లు పడి, చల్లగాలి నేరుగా బాయిలర్ ట్యూబుల్లోకి (మంట వేడి పోయే గొట్టాలు) పోతోంది. మొదటిదానికి బొగ్గు ఆపి గ్రేట్ కదపాలి, లేదా పొడవాటి కడ్డీతో క్లింకర్ లేపాలి. రెండోదానికి చిల్లు ఉన్నచోట మాత్రమే కొద్దికొద్దిగా వేయాలి. టెన్షన్‌లో ఏది ఏదో చూడకుండా బొగ్గు మీద బొగ్గు వేస్తే మొదటి జబ్బు ఇంకా ముదురుతుంది.

మంట బాగుండి కూడా ఆవిరి లేవకపోతే ఇంజిన్ ముందుభాగాన్ని అనుమానించండి. అక్కడ పొగగొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్‌లో గాలి ఒత్తిడి బయటికంటే తక్కువగా ఉంటేనే గాలి మంటలోంచి లాగబడుతుంది. తలుపు అంచు దగ్గర బయటి గాలి దూరితే ఆ లాగుడు పోతుంది. తలుపు కింది భాగంలో పెయింట్ కాలి పొక్కులు లేచిందంటే లోపల పడిన బూడిద రాజుకుంటోందని అర్థం. దారిలో చేయగలిగింది తలుపు బిగించడమే. షెడ్‌కు చేరాక ఆవిరి గొట్టాల జాయింట్లు, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలు చూసి, వాడిన ఆవిరిని పైకి చిమ్మే బ్లాస్ట్ పైపు పొగగొట్టానికి సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో కొలవాలి.

పొగగొట్టంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి

బాయిలర్ నీళ్లు ఆవిరితో కలిసి సిలిండర్లలోకి వెళ్తున్నాయి. దీన్నే ప్రైమింగ్ అంటారు. నీరు అణగదు కాబట్టి సిలిండర్ మూతలే పగలొచ్చు. వెంటనే సిలిండర్లలోని నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్ కాక్‌లు తెరిచి, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్‌ను మెల్లగా తగ్గించండి. ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది: నురగ వల్ల గేజ్ గ్లాస్‌లో (బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టం) మట్టం అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది, రెగ్యులేటర్ మూయగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిన మట్టమే నిజం, దాన్ని చూశాకే తర్వాతి నిర్ణయం తీసుకోవాలి.

బాయిలర్‌ను అతిగా నింపడం, రెగ్యులేటర్‌ను ఒక్కసారిగా తెరవడం, నీళ్లలో కరిగిన లవణాలు పేరుకోవడం, నూనె కలవడం దీనికి కారణాలు. పాతరోజుల్లో చాలా డిపోల్లో నీళ్లకు తగిన రసాయన శుద్ధి ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ట్యాంకర్‌లో ఏ నీళ్లు వస్తే అవే పోస్తున్నారు, అందుకే ఈ లక్షణం మ్యూజియం రైళ్లలో తరచూ కనిపిస్తుంది. బ్లోడౌన్ (బాయిలర్ నీళ్లు కొంత బయటికి వదలడం) క్రమం తప్పకుండా చేయడం, నురగ తగ్గించే మందు వాడటం, వాషవుట్ (బాయిలర్ లోపల కడగడం) వాయిదా వేయకపోవడం తప్ప దగ్గరి దారి లేదు.

ఇంజెక్టర్ పనిచేయడం లేదు

ఆవిరి బలంతో బాయిలర్‌లోకి నీళ్లు నెట్టే ఇంజెక్టర్ వేడెక్కితే నీళ్లు పట్టదు. క్లాక్ వాల్వ్ (బాయిలర్ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే కవాటం) సరిగా మూసుకోక వేడినీళ్లు వెనక్కి వస్తుంటే ఇంజెక్టర్ మీద చల్లనీళ్లు పోసి మళ్లీ ప్రయత్నించండి. టెండర్ (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) నీళ్లే గోరువెచ్చగా ఉన్నా, నీటి పైపు జాయింట్‌లో గాలి దూరుతున్నా ఇదే ఫలితం. రెండో ఇంజెక్టర్ కూడా మొరాయిస్తే ఇక సమయపట్టిక చూడొద్దు. బండి ఆపి, గ్లాసులో నీళ్లు కనిపిస్తుండగానే మంట దించేయాలి.

యాక్సిల్ బాక్స్ వేడెక్కుతోంది

యాక్సిల్ బాక్స్ అంటే ఇరుసు తిరిగే బేరింగ్ ఉండే పెట్టె. గూడ్స్ ఇంజిన్ ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. జర్మన్ 52 తరగతి ఇంజిన్ చక్రం వ్యాసం 1400 మిల్లీమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 300 సార్లకు పైగా తిరుగుతుంది. 2000 మిల్లీమీటర్ల చక్రాలున్న 01 తరగతి ప్యాసింజర్ ఇంజిన్ అదే వేగానికి 212 సార్లు తిరిగితే చాలు. బేరింగ్ మీద రాపిడి ఆ లెక్కన, చక్రాలను తిప్పే రాడ్ల ఊపు బలం అంతకంటే ఎక్కువగా పెరుగుతాయి. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు ఇంజిన్ గరిష్ఠ వేగాన్నే రోజువారీ వేగంగా రాస్తే ఫిట్టర్‌కు రాత్రంతా పనే.

ఆగిన ప్రతిచోటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ఒక్కో బాక్సు అంకె కన్నా పక్కబాక్సులతో తేడా ముఖ్యం. తేడా పెరుగుతుంటే నూనె పోసి, వేగం తగ్గించి నడపండి. పొగ వచ్చిందంటే వైట్ మెటల్ (బేరింగ్ లోపలి మెత్తని లోహపు పొర) కరగడం మొదలైనట్టే, ఆగండి. చల్లనీళ్లు మాత్రం కుమ్మరించొద్దు, ఇరుసుకు పగులు రావచ్చు. తర్వాత నూనెలో నీళ్లు కలిశాయా, ఊలు వత్తులు నూనె లాగుతున్నాయా చూడాలి.

బయలుదేరేటప్పుడు చక్రాలు జారుతున్నాయి

తడి పట్టాలు, నూనె మరక, తొందరపాటు. రెగ్యులేటర్ మూసినా సూపర్‌హీటర్ గొట్టాల్లో మిగిలిన ఆవిరి చక్రాలను ఇంకాసేపు తిప్పుతుంది, కాబట్టి జారుడు మొదలవకముందే ఇసుక వేయాలి. జారుతున్న చక్రం కింద వేస్తే రాడ్లకు దెబ్బ తగులుతుంది.

ఇంజిన్ బాగుంది, లైన్ మీదికి అనుమతి రావడం లేదు

దీనికి పానాతో మందు లేదు. బ్రిటన్‌లో 1954 నుంచి 1960 వరకు 251 తయారైన 9ఎఫ్ గూడ్స్ ఇంజిన్ల మధ్య చక్రాలకు ఫ్లేంజ్ (చక్రాన్ని పట్టా మీద నిలిపే అంచు గట్టు) ఉండదు. ఎత్తు పెంచిన చెక్ పట్టాలకు (అసలు పట్టా పక్కన వేసే అదనపు పట్టాలు) అవి తగిలే అవకాశం ఉన్నందున అక్కడి మెయిన్ లైన్‌కు రానివ్వడం లేదు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే 4014 నంబరు బిగ్ బాయ్ ఆవిరి ఇంజిన్‌ను 2019లో మళ్లీ నడిపించేముందు బొగ్గు మాన్పించి నూనెకు మార్చింది. దాంతో నిప్పురవ్వలు, బూడిద పారబోత అనే తలనొప్పులు చాలావరకు పోతాయి. మీ ఇంజిన్‌కు ముందుగా కావాల్సింది ఇరుసు బరువు, గేజింగ్ లెక్కలు (ఇంజిన్ దారిలో దేనికీ తగలకుండా పడుతుందా అనేవి), సిగ్నల్ భద్రతా పరికరం. పైన కరెంటు తీగలుంటే టెండర్ ఎక్కడం పూర్తిగా బంద్, నీళ్లు నింపే చోటును ముందే మార్చుకోవాలి.

తిరిగొచ్చాక ట్యూబుల చివర్లు కారుతున్నాయి

బాయిలర్‌ను గబగబా వేడి చేసినా, గబగబా చల్లార్చినా లోహం ఒక్కోచోట ఒక్కోలా సాగి, కుంచించుకుని జాయింట్లు వదులవుతాయి. పెద్ద బాయిలర్‌ను ఒక రోజుకు తగ్గకుండా మెల్లగా వేడెక్కించండి. మంట తీసేముందే నీళ్లు చాలినంత నింపుకోండి, తీసేశాక ఇంజెక్టర్ ముట్టొద్దు. డాంపర్లు (మంటకు గాలి వెళ్లే తలుపులు) మూసి, పొగగొట్టం మీద మూత పెట్టి, తెల్లారేదాకా దాని మానాన వదిలేయండి.