మార్చి దాటాక పొలంలో అగ్గిపుల్ల గీయకండి

మిరప కోతలు ముగిసి, పత్తి కట్టె పీకి, మొక్కజొన్న కంకులు విరిచేసరికి గుంటూరు చుట్టుపక్కల ఎండలు ముదురుతాయి. మిగిలిన కట్టె, చొప్ప తగలబెట్టి పొలం ఖాళీ చేసే తొందర కూడా అప్పుడే. "ఏటా తగలబెడుతూనే ఉన్నాం, ఏమైంది?" అంటారు. ఏమీ కాలేదంటే ఆ రోజు గాలిలో తేమ ఉందన్నమాట.

ఎండుగడ్డి గంట వ్యవధిలోనే తేమ పీలుస్తుంది, అంతే త్వరగా వదిలేస్తుంది. పొద్దున అంటుకోని గట్టు గడ్డి మధ్యాహ్నం ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటుంది. లావు మోడు ఆరడానికి వారాలు పడుతుంది. అదీ ఆరిపోయాక నిప్పు పడితే, పైమంట చల్లారినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇలాంటి పొడి రోజులను లెక్కగట్టి ఆరుబయట మంటలను నిషేధిస్తారు. మన దగ్గర బహిరంగంగా చెత్త కాల్చడంపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధం విధించింది. జరిమానా రూ.5,000, పెద్ద ఎత్తున కాలిస్తే రూ.25,000. కొండవీడు, కొండపల్లి వైపు రిజర్వు అడవికి నిప్పంటిస్తే అటవీ చట్టం కింద కేసు.

అందరూ తేలిగ్గా తీసుకునేది గాలిని. పగలు పడమటి వడగాలి వీచి, సాయంత్రం సముద్రపు గాలి లేచిందంటే దిశ మారిపోతుంది. అప్పటిదాకా పక్కకు మెల్లగా పాకుతున్న మంట, ఆ పక్క పొడవునా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కొండవాలు ఎక్కే మంట వేగం, ప్రతి 10 డిగ్రీల వాలుకూ ఇంచుమించు రెట్టింపవుతుంది.

కట్టెను ట్రాక్టరు యంత్రంతో ముక్కలు చేయించి దున్నించండి. అగ్గిపెట్టె కన్నా ఖర్చే, కాదనను. గులాబీ రంగు కాయతొలుచు పురుగు పట్టిన పత్తి కట్టెను మాత్రం చేలో కుప్పగా వదలకండి. మిరప ఆరబోసిన కల్లం చుట్టూ ఎండుగడ్డి చెక్కేసి, నీళ్ళ డ్రమ్ము పెట్టుకోండి. గడ్డివాము కరెంటు తీగల కింద వేయవద్దు. పొయ్యి బూడిదలో నీళ్ళు పోసి కలిపి, చేత్తో తాకి చూడగలిగేంత చల్లబడ్డాకే పారబోయండి. కల్లం దగ్గర బీడీ ఎవరిదైనా సరే, మొహమాటం లేకుండా ఆర్పించండి.

మంట చేయి దాటితే వాలు ఎక్కి పరుగెత్తకండి. వీలుంటే అప్పటికే కాలి చల్లారిన నేల వైపు తప్పుకోండి. నైలాన్ చొక్కాతో మంట దగ్గరికి అసలే వద్దు. అగ్నిమాపక శాఖకు 101కి ఫోను చేయండి. పొగ జాతీయ రహదారి మీదికి పోతుంటే ఆ మాట ముందు చెప్పండి, వాహనాలను ఆపాల్సి ఉంటుంది. సర్వే నంబరు చెబితే వాళ్ళకు దారి దొరకదు. ఏ ఊరు, ఏ డొంక, ఫైరింజను ఎంతవరకు రాగలదు, దగ్గరలో నీళ్ళున్న కాలువ ఏది, ఇవి చెప్పండి.