315 రైఫిల్: వానాకాలంలో కాపాడుకోవడం, రేంజిలో గురి కుదుర్చుకోవడం

ఇషాపూర్ ఫ్యాక్టరీ 315 రైఫిల్‌ని చూడగానే పాత పోలీసు 303 గుర్తొస్తుంది. బోల్టూ (కార్ట్రిడ్జ్‌ని లోపలికి తోసి గొట్టాన్ని వెనకనుంచి మూసే భాగం), అది లాకయ్యే తీరూ పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌వే మరి. సైన్యం వాడే 303ని మామూలు జనం చేతికివ్వడం బ్రిటిషు సర్కారుకు ఇష్టం లేకపోయింది. దాంతో బీఎస్‌ఏ లాంటి బ్రిటిష్ తుపాకీ కంపెనీలు అదే యంత్రాంగానికి ఆస్ట్రియా సైన్యపు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచున్న 8×50 మి.మీ. కార్ట్రిడ్జ్‌ని జోడించి అమ్మాయి. 303 నేటికీ ప్రొహిబిటెడ్ బోరే, అంటే మామూలుగా జనానికి లైసెన్సు ఇవ్వని రకమే. 315కి మాత్రం జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు దొరుకుతుంది. దాని గట్టిదనమూ పేచీలూ ఆ పాత సైనిక డిజైనువే.

పాత రైఫిల్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది బోల్టు. బోల్టు పిడి మీద, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) మీద ఉన్న నంబర్లు రెండూ ఒకటే కావాలి. వేరే రైఫిల్ బోల్టు పట్టినట్టే పడుతుంది, పేలుతుంది కూడా. కానీ బోల్టు తలకీ, కార్ట్రిడ్జ్ కూర్చునే ఛాంబర్‌కీ మధ్య సందు పెరిగితే కార్ట్రిడ్జ్ కేసు అడుగు దగ్గర తెగి, ముందు భాగం లోపలే ఇరుక్కుంటుంది. తెగబోయే ముందు సూచన ఉంటుంది: పేల్చిన కేసు అంచుకు కాస్త పైన మెరిసే గీత చుట్టూ కనిపిస్తుంది. కనిపించిన వెంటనే ఆపి, తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఆర్మరర్‌కి చూపించండి. ఊళ్లో కమ్మరితోనో లేత్ షాపులోనో చేయించుకుంటే రైఫిల్ పాడవడం ఒకెత్తు, లైసెన్సు లేనివారు తుపాకీ బాగుచేయడం ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద నేరం కావడం ఇంకొకెత్తు.

ఈ దక్షిణ ఒడిశా ప్రాంతంలో 315లను ఎక్కువగా తినేసేది తుప్పు. గంజాం తీరంలో ఉప్పు గాలి, గజపతి, రాయగడ కొండల్లో నెలల తరబడి వాన. రైఫిల్‌ని కాన్వాస్ సంచిలోనో తోలు కవర్లోనో పెట్టి బీరువాలో దాచేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. గుడ్డా తోలూ తేమను పీల్చి ఇనుముకు అంటగడతాయి. కవరు దారి ప్రయాణానికే. ఇంట్లో తాళం వేసిన ఉక్కు బీరువాలో, కవరు లేకుండా, సిలికా జెల్ పొట్లాలు పెట్టి నిలబెట్టండి. కార్ట్రిడ్జ్‌లు వేరే చోట, వేరే తాళం కింద ఉండాలి. గొట్టం మూతి తెరిచి వదిలేస్తే కందిరీగ లోపల మట్టి గూడు కట్టేస్తుంది. దాన్ని చూసుకోకుండా పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. పేల్చే ప్రతిసారీ ముందు బోల్టు తీసి గొట్టంలోంచి వెలుతురు చూడడం తప్పనిసరి.

శుభ్రం చేసేటప్పుడు మొదట మ్యాగజైన్ తీసేయండి, బోల్టు వెనక్కి లాగి ఛాంబర్‌ని కళ్లతో చూడండి, వేలితోనూ తడమండి. తర్వాత బోల్టుని పూర్తిగా వెనక్కి లాగి, దాని తలను బొటనవేలితో పైకి ఎత్తితే టక్కున విడుస్తుంది. అప్పుడు బయటికి లాగేయండి. శుభ్రం చేసే కడ్డీ ఎప్పుడూ ఛాంబర్ వైపునుంచే పోవాలి. మూతి వైపునుంచి తోస్తే కడ్డీ రాసుకుని మూతి దగ్గర గుండును తిప్పే గాడులు అరుగుతాయి, గురి పోతుంది.

పాత స్టాకు కార్ట్రిడ్జ్‌లు పేలిస్తే ప్రైమర్ (కార్ట్రిడ్జ్ అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) కరోసివ్, అంటే తుప్పు పట్టించే రకం అనే అనుకోండి. అది వదిలే లవణం నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా మర్నాటికి గొట్టంలో ఎర్రటి పొడి కనిపించేది అందుకే. గరాటుతో దాదాపు లీటరు మరిగే నీళ్లు ఛాంబర్ వైపునుంచి పోయండి. నీళ్లు చెక్కలోకి దిగకుండా చూసుకోండి. వేడికి గొట్టం తనే ఆరుతుంది. పొడి గుడ్డలు రెండు మూడు తోసి, తర్వాత సాల్వెంట్, బ్రష్షు, మళ్లీ గుడ్డ తెల్లగా వచ్చేదాకా. పాత పంచె ముక్కలు ఈ పనికి బాగుంటాయి. చివర పలచగా గన్ ఆయిల్ పూయండి. అది లేకపోతే కుట్టుమిషన్ నూనె పనికొస్తుంది. కొబ్బరినూనె, ఆముదం మాత్రం వద్దు, కొన్నాళ్లకు బంకలా మారి, ప్రైమర్‌ని కొట్టే స్ట్రైకర్‌ని నెమ్మదింపజేస్తాయి. మిస్‌ఫైర్లకు ఇదొక కారణం. పేల్చే ముందు గొట్టంలోని నూనెను పొడిగుడ్డతో తుడిచేయండి.

మ్యాగజైన్ నింపేటప్పుడు ఈ అంచు కార్ట్రిడ్జ్‌తో ఒక తంటా ఉంది. పై కార్ట్రిడ్జ్ అంచు కింది దాని అంచుకు ముందుండాలి. వెనక పడితే రెండూ చిక్కుకుని బోల్టు ముందుకు రాదు, జనం బలంగా తోసి ఇంకా బిగిస్తారు. ఒక్కొక్కటే పెట్టి, వెనక్కి నొక్కి, తర్వాతిది పెట్టండి. పచ్చ చిలుము పట్టినవీ సొట్ట పడినవీ పక్కన పెట్టేయాలి.

గురి కుదుర్చుకోవడం అనుమతి ఉన్న రేంజిలోనే. ఈ గుండు కిలోమీటర్ల దూరం పోతుంది, పొలం గట్టు దాన్ని ఆపుతుందని నమ్మకండి. 50 మీటర్ల దగ్గర ఇసుక సంచి మీద, గొట్టాన్ని కాకుండా ముందు చెక్కను ఆనించి, మూడు గుళ్లు కొట్టండి. ఒక్క గుండును చూసి సైట్ (గొట్టం మీద గురి చూసే గుర్తు) కదిలించకండి. మూడింటి నడుమ బిందువు ఎంత తప్పిందో కొలిచి, దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్య దూరంతో భాగించండి. సైట్ల మధ్య 500 మి.మీ. ఉండి, గుళ్లు 100 మి.మీ. కుడికి పడితే: 100 × 500 ÷ 50,000 = 1 మి.మీ. ముందు సైట్‌ని అంత కుడికే, అంటే తప్పు జరిగిన వైపుకే జరపాలి. గుళ్లు గుంపుగా పడకుండా చెదిరితే సైట్‌ని అనేముందు చెక్క స్క్రూలు చూడండి. వేసవిలో చెక్క ఎండి కుంచించుకుంటే అవి వదులవుతాయి.

ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే నిమిషం పాటు మూతిని లక్ష్యం వైపే ఉంచి ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశముంది. శబ్దం మామూలుకన్నా మెత్తగా వస్తే ఆపేసి గొట్టం చూడండి, గుండు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ స్థితిలో ఇంకొకటి పేలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పంట కోసం అడవిపందిని కొడతామంటే లైసెన్సొక్కటే చాలదు. వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారి అనుమతి వేరే కావాలి. పెళ్లిళ్లలో గాల్లోకి పేల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక సరిహద్దు సంగతి: లైసెన్సులో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. అందులో ఒడిశా అని మాత్రమే ఉంటే, పర్లాఖిమిడి నుంచి పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం దాకా వెళ్లడమూ రాష్ట్రం దాటడమే.

ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించమంటే గొట్టానికి లోపలా బయటా నూనె కాస్త మందంగా పట్టించి ఇవ్వండి. రసీదులో నంబరు, బోల్టు, మ్యాగజైన్ రాయించుకోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు బోల్టు నంబరు అక్కడే సరిచూసుకోండి, ఒకేచోట చాలా రైఫిళ్లు ఉన్నప్పుడు బోల్టులు తారుమారు కావచ్చు.