ఇల్లు చూడ్డానికి వానలో వెళ్లండి

హైదరాబాద్ శివార్లలో పాత ఇల్లు కొనేవాళ్లు ముందు కాగితాలు అడుగుతారు. నేనైతే ముందు గోడ చూడమంటాను.

2021లో బోడుప్పల్ వైపు తిరిగి తిరిగి ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నాం. 150 గజాలు, తూర్పు ముఖం, ముందు మామిడిచెట్టు. మా ఆయన అడ్వాన్సు జేబులో పెట్టుకునే వచ్చారు. కాంపౌండు గోడకి మోకాలెత్తు వరకే కొత్త రంగు, పైనంతా పాతదే. ఎందుకో తట్టలేదు. నీళ్ల సీసా కోసం సందు చివరి కిరాణా కొట్టుకి వెళ్తే, కొట్టావిడ చిల్లర లెక్కపెడుతూ అంది: "ఏటా వానలు పోంగనే గంతవరకే రంగేస్తరమ్మా." అడ్వాన్సు జేబులోనే ఇంటికొచ్చింది.

అందుకే ఒకసారైనా గట్టి వాన పడుతున్నప్పుడు వెళ్లి, గొడుగేసుకుని వీధిలో నిలబడండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పాత కాలనీల్లో ఉన్న రోడ్డు మీదే మళ్లీ సీసీ రోడ్డు వేస్తారు. అలా రోడ్డు పెరిగి, ఇల్లు గుంటలో పడుతుంది. గేటు దాటి లోపలికి ఎక్కుతున్నారా, దిగుతున్నారా? దిగుతుంటే నేనైతే బేరం కూడా ఆడను.

దగ్గర్లో చెరువుంటే దాని ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే గీత, ఎక్కడుందో కనుక్కోండి. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. అందులో ఉంటే, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు నిలుస్తుందన్న భరోసా లేదు. 2024లో చెరువుల ఆక్రమణల్ని కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో నీళ్ల సంగతి అమ్మేవాళ్లని కాదు, పక్కింటివాళ్లని అడగండి. "బోరులో నీళ్లున్నాయా?" అంటే ఉన్నాయనే అంటారు. "ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుంది?" అనండి, అసలు విషయం బయటపడుతుంది.

ఇక కాగితాలు. 1983 నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే దొరుకుతుంది. అందులోని ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు, అంటే అప్పటి దస్తావేజు, ఉండాలి. పంచాయతీ లేఅవుట్ అయితే ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్, అంటే ఆ స్థలాన్ని క్రమబద్ధీకరించినట్టు ఇచ్చిన కాగితం, అడగండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, లేదని చూసుకోండి. టేపు పట్టుకెళ్లి స్థలం మీరే కొలవండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి మొత్తం 7.5 శాతం అవుతుంది. అంటే 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు విడిగా ఉంచుకోవాలి. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను, కొనేవాళ్లే పట్టుకుని కట్టాలి.

చివరికి మేం కొన్న ఇంటికి మామిడిచెట్టు లేదు. గేటు దగ్గర మూడు మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య వాటిని రోజూ తిట్టుకుంటారు, వాన కురిసిన రోజు తప్ప.