జపాన్ పోస్టరుకు పటం కట్టించడం ఎలా?

పెద్ద బల్ల, ఆమ్లం లేని తెల్ల కాగితాలు, అలాంటిదే ఒక దళసరి అట్ట, నాలుగు లావుపాటి పుస్తకాలు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూలు తొడుగులు వద్దు, కాగితం అంచు వేళ్లకు తెలియదు.

ముందు కొలవండి. పోస్టరు కాగితానికి జపాన్ బి1 కొలత అంటే 728 × 1030 మి.మీ., అంతర్జాతీయ బి1 అయితే 707 × 1000. ఈ తేడా తెలియక ఫ్రేము కొనేసి, తర్వాత పోస్టరు అంచులు కత్తిరించేవాళ్లు ఉన్నారు. 1961లో జపాన్ డిజైనర్ యూసాకు కామెకురా వేసిన టోక్యో ఒలింపిక్స్ పోస్టరు చూడండి: పైన ఎర్రటి పెద్ద గుండ్రం, కింద బంగారు వలయాలు, అక్షరాలు, చుట్టూ తెలుపు. ఆ తెలుపును కోసేస్తే ఇక మిగిలేదేమిటి?

ఇక చుట్ట విప్పడం. పోస్టర్లు పాడయ్యేది ఇక్కడే. గొట్టంలోంచి తీసిన చుట్టను అలాగే రెండు రోజులు గదిలో ఉంచండి, గది గాలికి కాగితం అలవాటు పడాలి. తర్వాత బొమ్మ పైకి ఉండేలా, జానెడు జానెడు చొప్పున విప్పుతూ, తెల్ల కాగితం పరిచి దాని మీద పుస్తకం పెట్టండి. మొండిగా ముడుచుకుంటే వారం అలాగే వదిలేయండి.

తొందరపడి వెనక్కి తిప్పి చుట్టకండి. సిల్క్‌స్క్రీన్ (సన్నని వల గుండా సిరా నొక్కే అచ్చు) సిరా కాగితం మీద మందంగా నిలుస్తుంది, ఎదురు వంపుకు పగులుతుంది. ఇస్త్రీ పెట్టె సంగతి ఎత్తవద్దు. పోస్టరును ఒంటిచేత్తో అసలు ఎత్తకండి: వేళ్ల దగ్గర కాగితం కుంగి, గోటితో నొక్కినట్టు నెలవంక ఆకారపు మడత పడుతుంది. అది జన్మలో పోదు. ఫొటోల పోస్టరైతే ఆ మడత బొమ్మలో కలిసిపోవచ్చు. మరో జపాన్ డిజైనర్ షిగెయో ఫుకుదా 1975 నాటి పోస్టరు ‘విక్టరీ 1945’లో పసుపు నేల, ఫిరంగి గొట్టం, దానివైపే తిరిగొస్తున్న గుండు తప్ప దాదాపు ఏమీ లేదు. ఆ పసుపులో మడత పడితే ముందు కనిపించేది అదే. అందుకే ఎదురెదురు మూలలను రెండు చేతులతో పట్టి, మధ్యలో కాస్త జారనిచ్చి ఎత్తాలి.

పటాలు కట్టే దుకాణంలో ప్లైవుడ్ మీద జిగురు పూసి అతికిస్తామంటారు. బాగా నిలుస్తుందని నచ్చజెబుతారు కూడా. ఒప్పుకోకండి, పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. పై అంచు వెనుక రెండు చోట్ల పలచని జపాన్ కాగితపు పట్టీలు, గోధుమ గంజి జిగురు చాలు. మిగతా కాగితం వేలాడాలి, వానాకాలంలో సాగడానికి దానికి చోటు కావాలి. అద్దం సిరాకు తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టించండి.

ఎండ పడని గోడకే తగిలించండి. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఆ రెండు పట్టీలను కొద్దిగా తడిపితే ఊడివస్తాయి.