సీప్లేన్ నేర్చుకోబోతున్నారా? గాలితో పేచీ వద్దు

ఈ ఎండాకాలం ఫ్లోరిడా వెళ్లి సీప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) రేటింగ్, అంటే దాన్ని నడిపే అర్హత, చేద్దామనుకునే మన పైలట్లకి ముందే ఒక మాట. రన్‌వే మీద ఎన్ని గంటలు నడిపినా, నీళ్ల మీద బ్రేకులుండవు. ఇంజన్ స్టార్టయితే విమానం కదిలిపోతుంది, ఆపేస్తే గాలి లాక్కుపోతుంది, కాబట్టి కట్టు తాడు విప్పకముందే ఎటు కొట్టుకుపోతామో, అటువైపు ఏముందో చూసుకోండి. ఫ్లోట్లలో (విమానాన్ని నీళ్ల మీద తేల్చే పడవల్లాంటి కాళ్లు) చేరిన నీళ్లు తోడటం మర్చిపోవద్దు.

గాలి ఎటుందో ఎలా తెలుస్తుంది? బాతుల్ని చూడండి, గాలికి ఎదురుగానే దిగుతాయి. ఏ ఒడ్డు పక్కన నీళ్లు నున్నగా ఉన్నాయో గాలి ఆ ఒడ్డు నుంచే వస్తున్నట్టు లెక్క.

అసలు టెన్షన్ మలుపుల్లోనే. తోకకి గాలి తగిలి ముక్కు ఎప్పుడూ ఎదురుగాలికే తిరగాలని చూస్తుంది. 2024 నవంబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వెళ్లిన ట్విన్ ఆటర్ సీప్లేన్‌కైతే రెండు ఇంజన్లు, ఒకదానికి పవర్ ఎక్కువిచ్చి తిప్పుకోవచ్చు. మనం నేర్చుకునేదానికి ఒక్కటే. వెనకగాలిలో వేగంగా పోతూ ఎదురుగాలికి తిప్పారంటే గాలి, మలుపు విసురు రెండూ ఒకే వైపు తోస్తాయి. నేనొకసారి ఇలాగే తిప్పబోతే బయటి వైపు ఫ్లోట్ ముందు భాగం నీళ్లలోకి దిగిపోవడం, రెక్క చివర నీటికి జానెడు దూరంలోకి రావడం కళ్లారా చూశాను, పక్కనున్న గురువుగారు టక్కున పవర్ తీసేశారు కాబట్టి సరిపోయింది. విమానం తిరగనంటే వదిలేయండి. ఇంజన్ ఆపి, వాటర్ రడ్డర్లు (ఫ్లోట్ల వెనక ఉండే చుక్కానులు) ఎత్తి కూర్చుంటే తోక ఎటుంటే అటు మెల్లగా వెనక్కి తేలుతుంది, పడవవాళ్లు నవ్వినా పర్లేదు.

అల ఎత్తు ఫ్లోట్ పొడవులో 20 శాతం దాటితే టేకాఫ్ మానుకోవాలని పుస్తకాల లెక్క. నన్నడిగితే కొత్తవాళ్లకి అడుగు అల కూడా ఎక్కువే. అలాగని అద్దంలా ఉన్న నీళ్లు మంచివేం కాదు, ఎత్తు అస్సలు తెలియదు, అందుకే ఒడ్డుకి దగ్గరగా, పవర్ కొద్దిగా ఉంచుకుని నిమిషానికి 150 అడుగుల లెక్కన దిగుతారు. అక్కడ ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మామూలే, క్లాసుకి పొద్దున్నే స్లాట్ అడగండి.

లైఫ్ జాకెట్ వేసుకోండి కానీ లోపలుండగా గాలి నింపొద్దు. బోల్తా పడితే అది మిమ్మల్ని పైకెత్తి క్యాబిన్‌లోనే ఇరికిస్తుంది, ముందు తలుపులోంచి బయటపడి, తర్వాత జాకెట్ తాడు లాగి గాలి నింపండి.